నీరటి లేని తూము

పాతకాలపు చెరువు కట్టమీద నిలిచి తూము పనిచేయు తీరును ఒక్కసారియైనను శ్రద్ధతో చూచినవారికి, నేటి మహాకర్మాగారములలోని కంట్రోల్ వాల్వు అను యంత్రము బొత్తిగా కొత్తది కాదు. రాతిపలకకు తొలిచిన గుండ్రని రంధ్రము, ఆ రంధ్రములో ఒదిగి కూర్చుండునట్లు చెక్కిన కొయ్య బిరడా, దానిని ఎత్తుటకును దించుటకును నీటిపైకి నిక్కియుండు నిడుపాటి కర్ర, ఈ మూడును కలిసి తూమైనవి. రంధ్రమును సీటనియు, బిరడాను ప్లగ్గనియు, కర్రను స్టెమ్మనియు పేర్లు మార్చి, కొయ్యకు బదులు ఉక్కు నిలిపినచో, 1957లో పని మొదలుపెట్టిన విశాఖపట్టణపు చమురు శుద్ధి కర్మాగారమునందు గాని, రామగుండము విద్యుత్కేంద్రమునందు గాని అడుగడుగునను కనిపించు గ్లోబు వాల్వు లోపలి అమరిక అదియే. అయితే చెరువు తూమునకు ఒక మనిషి యుండెను. తెలంగాణములో నీరటి అనియు, రాయలసీమలో నీరుగంటి అనియు పిలువబడిన ఆ మనిషికి చెరువులో నీరెంత యున్నదో, ఏ మడికి ఎంత పారవలెనో, రాత్రి వాన పడినచో బిరడాను ఎన్ని వ్రేళ్లు దించవలెనో కంఠతా తెలిసియుండెను. కర్మాగారములోని వాల్వుకడ అట్టివాడెవ్వడును నిలువడు. సంకేతము దూరమునుండి వచ్చును, గాలి దానిని కదలించును, లోపల ప్రవహించునది నూటనలువది డిగ్రీల నీరో, మంటనంటుకొను నాఫ్తాయో, ఉక్కును తినివేయు ఆమ్లమో కావచ్చును. నీరటి తలలోనున్న జ్ఞానమంతయు, ఆ వాల్వు ఇంకను పోతపోయబడకమునుపే, ఎక్కడనో ఒక కార్యాలయములో కూర్చున్నవాడు కాగితముమీద వ్రాసిపెట్టవలెను. ఆ కాగితమునకే కంట్రోల్ వాల్వు స్పెసిఫికేషన్ పత్రమని పేరు. కర్మాగారపు వాడుకలో అది డేటాషీటు.

సామాన్యముగా ఒక పుటకు మించని ఈ పత్రమును చూచినవారికి, ఇది కొనుగోలు శాఖవారి జాబితా వంటిదని తోచుట సహజము. గడులు, అంకెలు, పొట్టి అక్షరములు తప్ప అందులో వాక్యమన్నది ఉండదు. ఐనను దానిని నేను ఇద్దరి నడుమ జరుగు సంభాషణగా చదువుదును. పత్రము పైభాగమున, తన ద్రవము ఎట్టిదో ఎరిగినవాడు, అనగా ప్రాసెస్ ఇంజనీరు, తన అవసరమును చెప్పుచున్నాడు. క్రిందిభాగమున, ఉక్కు స్వభావమును ఎరిగినవాడు, అనగా వాల్వు తయారీదారు, తాను ఇయ్యగల దానిని బదులు చెప్పుచున్నాడు. నడుమ నిలిచి ఒకరి మాట మరియొకరికి బోధపరచువాడు ఇన్స్‌ట్రుమెంట్ ఇంజనీరు. అమెరికాలోని ఇన్స్‌ట్రుమెంట్ సొసైటీ 1981లో వెలువరించిన 20వ సంఖ్య ప్రమాణములో 20.50 అను నమూనా ఈ సంభాషణకే ఏర్పడినది. అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘమువారి 60534 ప్రమాణములో ఏడవ భాగమును దానికే. ఏ దేశపు కర్మాగారమున చూచినను గడుల వరుస కొంచెము మారునేమో గాని అడుగు ప్రశ్నలు మారవు. ఈ సంభాషణను వినుచు మూడవవాడొకడు కూడ కలడు. ఇరువది సంవత్సరముల తరువాత, ఏ అర్ధరాత్రివేళనో వాల్వు మొరాయించినప్పుడు, చేతిదీపముతో ఆ కాగితమును వెదకి చదువబోవు మరమ్మతు పనివాడే వాడు. పత్రమును నింపువాడు వానిని మనసులో నిలుపుకొని వ్రాయవలెనని నా దృఢ విశ్వాసము.

పత్రమునకు గుండెకాయ సర్వీస్ కండిషన్లు అను భాగము. అందు సాధారణముగా మూడు నిలువు వరుసలుండును. కనిష్ఠ ప్రవాహము, నిత్య ప్రవాహము, గరిష్ఠ ప్రవాహము. ఒక్కొక్కదాని క్రింద ప్రవేశమువద్ద ఒత్తిడి, నిర్గమమువద్ద ఒత్తిడి, ఉష్ణోగ్రత, సాంద్రత, చిక్కదనము వ్రాయవలెను. ఇక్కడ జరుగు మొదటి పొరపాటు, నిత్య ప్రవాహమునకు కట్టిన ఒత్తిడులనే తక్కిన రెండు వరుసలలోను దింపివేయుట. ప్రవాహము తగ్గినకొలది పంపు ఇచ్చు ఒత్తిడి పెరుగును. గొట్టములలో రాపిడివలన పోవు ఒత్తిడి, ప్రవాహము సగమైనచో నాలుగవ వంతునకు దిగజారును. ఇట్లు ఒకవైపున పెరిగినదియు, మరియొకవైపున మిగిలినదియు వచ్చి వాల్వు నెత్తిన పడును. కావున కనిష్ఠ ప్రవాహమువేళ వాల్వు మోయవలసిన ఒత్తిడి భేదము గరిష్ఠ ప్రవాహమువేళ మోయుదానికంటె మిక్కిలి హెచ్చుగా నుండును. మూడు వరుసలలోను ఒకే అంకె కనిపించిన పత్రము నా చేతికి వచ్చినప్పుడు, వ్రాసినవాడు పంపును గూర్చి ఆలోచింపలేదని గ్రహించి, ఆ పత్రమును వెనుకకు పంపుట నాకు అలవాటు.

ఈ అంకెలనుండి వాల్వు పరిమాణమును కట్టు విధానము, దాని సారాంశము మట్టుకు చెప్పవలెనన్నచో, పాఠశాల లెక్కకు మించినది కాదు. ఒక బార్ ఒత్తిడి భేదమున గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీటిని వాల్వు పోనిచ్చునో ఆ సంఖ్యకు కేవీ అని పేరు. అమెరికా గ్యాలనులలోను, పౌండ్లలోను కొలిచిన దానికి సీవీ యని పేరు; 1944లో మాసొనైలాన్ అను వాల్వుల సంస్థ దీనిని వాడుకలోనికి తెచ్చినది. ఒక కేవీ 1.156 సీవీలకు సమానము. గంటకు 100 ఘనపు మీటర్ల నీరు 4 బార్ భేదముతో పోవలెనన్నచో, నాలుగునకు వర్గమూలము రెండు గనుక, కావలసిన కేవీ 50. ఈ యాబదిని సీవీ గడిలో పొరపాటున వ్రాసినవాడు, కావలసిన దానికంటె నూటికి పదమూడు పాళ్లకు పైగా చిన్న వాల్వును కోరినవాడగును. అక్షరమొకటి మారుటచే ఎంత నష్టము కలుగునో దీనివలన తెలియును.

చిన్న వాల్వు కొనుట అరుదు; కర్మాగారములను పట్టి పీడించుచున్నది పెద్ద వాల్వు. ఇంట నలుగురు వంటవాండ్రున్నచో పులుసులో నలుగురును ఉప్పు వేయుదురను భయమున్నట్లే, డేటాషీటు చేతులు మారినకొలది ప్రతివాడును తన భద్రతకని ఒక్కొక్క గుప్పెడు కలుపుచుండును. ఉదాహరణకు, నిజముగా కావలసిన ప్రవాహము గంటకు 80 ఘనపు మీటర్లనుకొందము. రేపు ఉత్పత్తి పెరుగవచ్చునని ప్రాసెస్ ఇంజనీరు 100 అని వ్రాసెను. గొట్టములు పాతబడి తుప్పుపట్టిన నాటి రాపిడిని ఊహించి, వాల్వుకు 4 బార్ మాత్రమే మిగులునని మరియొకరు వ్రాసిరి. నిజమునకు మిగులునది 6 బార్. కేవీ 50 అని తేల్చిన ఇన్స్‌ట్రుమెంట్ ఇంజనీరు, ఎందుకైనను మంచిదని నూటికి ముప్పది పాళ్లు కలిపి 65 అడిగెను. తయారీదారుని జాబితాలో 65 లేదు. దానికి పైనున్నది 100 గనుక అదియే వచ్చెను. ఇందులో ఎవ్వరును అజ్ఞానముచే చేసినవారు కారు. ఒక్కొక్కరు విడివిడిగా వివేకులే. కర్మాగారము నడిచిన తరువాత 80 ఘనపు మీటర్లు 6 బార్ భేదముతో పోవుటకు కావలసినది కేవీ 33. పని ప్రారంభించు దినములలో 20 ఘనపు మీటర్లు 9 బార్ భేదముతో పోవుటకు కావలసినది ఏడు కూడ కాదు. నూరు శక్తిగల వాల్వును ఏడింట నిలుపవలెనన్నచో, ఎత్తుకు సరిసమానముగా ప్రవాహమునిచ్చు లీనియర్ వాల్వైనచో ప్లగ్గు సీటును అంటీ అంటనట్లు నిలిచి, ఒకసారి తాకుచు, ఒకసారి ఎగురుచు, ఆ సన్నని సందులో నీరు కత్తివలె దూసుకొనిపోయి ఉక్కును కోయును. పాపము, ఆపరేటరు కంట్రోలరును తప్పుపట్టును; కంట్రోలరును సరిదిద్దువాడు స్టెము బిగిసినదనును; తప్పు మాత్రము ఎన్నడో ఆరిపోయిన సిరాలో నున్నది.

ఈ ఇబ్బందిని కొంతవరకు ఆదుకొనునది క్యారెక్టరిస్టిక్ అను గడి. ఈక్వల్ పర్సెంటేజి అను జాతి వాల్వులో స్టెము ఒక్కొక్క పదవ వంతు ఎత్తినకొలది ప్రవాహము అంతకుముందున్న దానిలో ఒకే శాతము పెరుగును. గరిష్ఠ కనిష్ఠముల నిష్పత్తి 50 అయినచో ఆ పెరుగుదల ఇంచుమించు 48 శాతము. అందువలన సీటు దగ్గర మెల్లమెల్లగా, పైకి పోయినకొలది వడివడిగా ప్రవాహము హెచ్చును. ముందు చెప్పిన ఏడు కేవీయే ఈ జాతి వాల్వులో 31 శాతము ఎత్తున దొరకును. తయారీదారు పూరించి పంపిన పత్రము చేతికి రాగానే, ధరను చూడకమునుపే చూడవలసినది ఈ ఎత్తులనే. నిత్య ప్రవాహము అరువదికిని ఎనుబదికిని నడుమ, గరిష్ఠము తొంబదికి లోపల, కనిష్ఠము పదికి తగ్గకుండ ఉన్నచో ఆ వాల్వు చాలకాలము సుఖముగా పనిచేయును. నలువది శాతమునకే గరిష్ఠ ప్రవాహము సరిపోవుచున్నదని కాగితము చెప్పినచో, ఇది మిగులు శక్తియని సంతసింపరాదు.

ఇక నేను ఎక్కువసేపు నిలువదలచిన గడి ఒకటి కలదు. అది వేపర్ ప్రెషరు, అనగా ద్రవము ఆ ఉష్ణోగ్రతలో ఆవిరిగా మారుటకు సిద్ధపడు ఒత్తిడి. పత్రములలో ఎక్కువగా ఖాళీగా విడువబడునదియు, దానివలన ఎక్కువ వాల్వులు నశించునదియు ఇదియే. నీరు నూరు డిగ్రీలకు కాగునని చిన్నపిల్లలకును తెలియును. అది వాతావరణపు ఒత్తిడియందు మాత్రమే. 140 డిగ్రీల వేడినీటిని నీరుగానే నిలుపవలెనన్నచో దానిపై 3.6 బార్ పూర్ణపీడనము, అనగా శూన్యమునుండి కొలిచిన ఒత్తిడి, ఉండితీరవలెను. అంతకు తగ్గినంతనే అది ఆవిరిబుడగలుగా చీలిపోవును. ఇట్టి నీరు 10 బార్ల పూర్ణపీడనముతో వాల్వులో ప్రవేశించి, 5 బార్లతో వెలువడవలెనని పత్రములో వ్రాయబడినదనుకొందము. అయిదు, 3.6 కంటె హెచ్చు గనుక భయము లేదని పైపైని చూచువాడు తలచును. కాని ప్లగ్గునకును సీటునకును నడుమనున్న ఇరుకులో నీరు మహావేగముతో పోవును. వేగము పెరిగినచోట ఒత్తిడి పడిపోవును. ఆ ఇరుకులో ఒక క్షణకాలము ఒత్తిడి 3.6 కంటె క్రిందికి దిగి, ఇరుకు దాటిన పిదప మరల అయిదునకు లేచును. దిగినచోట బుడగలు పుట్టును. లేచినచోట అవి కూలిపోవును. కూలు బుడగ ప్రతిదియు తన ప్రక్కనున్న లోహముపై సన్నని ధారగా నీటిని సమ్మెటపోటువలె కొట్టును. దీనికే కావిటేషన్ అని పేరు. గొట్టములో గులకరాళ్లు దొర్లుచున్నట్లు వినవచ్చు చప్పుడు దాని మొదటి ఆనవాలు. అట్లు తినివేయబడిన ప్లగ్గు నొకదానిని మొదటిసారి చేత పట్టుకొన్నప్పుడు, ఇది నునుపుగా చెక్కిన ఉక్కే యని నమ్మలేకపోతిని. కమ్మరి కొలిమిలో మిగిలిన చిట్టెమువలె బొరియలుపడి గరుకుగా నుండెను.

ఇంతకంటె ఆశ్చర్యమేమనగా, ఒకే పత్రములోని ఒకే అంకెలు ఒకజాతి వాల్వును బ్రతికించి, మరియొకజాతిని చంపగలవు. ఇరుకున పడిన ఒత్తిడి మరల ఎంతవరకు కోలుకొనునో ప్రతి వాల్వుకును ఒక గుణకము కలదు. గ్లోబు వాల్వులకు అది సామాన్యముగా 0.9కి దగ్గరగాను, బంతి వాల్వులకు 0.6కి దగ్గరగాను ఉండును. పైన చెప్పిన వేడినీటికి లెక్క కట్టినచో, గ్లోబు వాల్వులో ఒత్తిడి భేదము 5.4 బార్లకు చేరువరకు ప్రవాహము పెరుగుచుండును. మనకు కావలసినది 5 గనుక హద్దునకు దగ్గరలో నున్నాము, ట్రిమ్మును, అనగా ప్లగ్గును సీటును, గట్టి లోహముతో చేయింపవలెనని హెచ్చరిక దొరకినది. బంతి వాల్వులో 2.4 బార్లకే గొంతు పట్టుకొనును. అటుపిమ్మట ఒత్తిడి ఎంత ఇచ్చినను అదనముగా ఒక్క చుక్కయు పోదు, విధ్వంసము మాత్రము పెరుగును. ధర తక్కువయనియు, దారి విశాలమనియు బంతి వాల్వును ఎన్నుకొన్నవానికి, వేపర్ ప్రెషరు గడి ఖాళీగా నున్నప్పుడు ఈ సంగతి తెలిసికొను మార్గమే లేదు. ఉష్ణోగ్రత గడియును దీనికి తోబుట్టువు. అదే నీరు 155 డిగ్రీలకు పోయెనా, దాని వేపర్ ప్రెషరు 5.4 బార్లగును, నిర్గమమునందలి అయిదు దానికి చాలదు, పుట్టిన బుడగలు ఇక కూలవు, ఆవిరియు నీరును కలిసి అట్లే దూసుకొనిపోవును. దీనిని ఫ్లాషింగ్ అందురు. కావిటేషన్ తిన్న లోహము చిట్టెమువలె గరుకుగా నుండగా, ఫ్లాషింగ్ తిన్న లోహము ఏటిరాయివలె నునుపుదేరి, సొట్టలు పడియుండును. మందులును వేరు, మొదటిదానికి ఒత్తిడిని మెట్లుమెట్లుగా దించు ట్రిమ్ము, రెండవదానికి క్రోమియము కలిసిన దేహమును, విశాలమైన నిర్గమమును. పదునైదు డిగ్రీల తేడాతో రోగమే మారిపోయినది. కావున ఉష్ణోగ్రత గడిలో కేవలము నిత్యపు అంకెను వ్రాసి, వేడిమి మార్చుయంత్రము మురికిపట్టిన నాడు అది ఎంతకు పెరుగునో వ్రాయకుండుట, వైద్యునికి పగటి జ్వరము చెప్పి రాత్రి జ్వరమును దాచుట వంటిది.

వాయువులను గూర్చి ఇంత విస్తరింపను. అయితే ఒక్క హెచ్చరిక. మన కర్మాగారములలో ఒత్తిడిని 'ఆరు కేజీల గాలి', 'నలువది కేజీల స్టీము' అని నోటిమాటగా చెప్పుదురు. అది చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాములు. వాతావరణపు ఒత్తిడికి పైని కొలిచినది. వాయువుల లెక్కలు పూర్ణపీడనమును కోరును. వాయుపరిమాణమును సున్న డిగ్రీలవద్ద కొలిచినదా, పదునైదు డిగ్రీలవద్ద కొలిచినదా యనుదానినిబట్టి ఐదున్నర శాతము తేడా వచ్చును. పత్రముమీద యూనిట్టు వ్రాయని అంకె, ఊరుపేరు లేని ఉత్తరమే. వాయువు వాల్వులో మహావేగముతో పోవునప్పుడు పుట్టు ధ్వనిని గూర్చియు ఒక గడి కలదు. ఒక మీటరు దూరమున 85 డెసిబెల్లులు దాటరాదని సాధారణపు కట్టుబాటు. ఈ గడిని తయారీదారుని మర్యాదకు విడువక నిలదీసి అడుగవలెను. ఏలయన ఆ వాల్వు ప్రక్కన పనివాండ్రు ముప్పది సంవత్సరములు తిరుగుదురు, చెవులకు మారు చెవులు లేవు.

వాల్వు తెరచియుండునప్పటి కథ ఇది. మూసియుండునప్పటి కథ మరియొక గడిలో నున్నది. దాని పేరు షటాఫ్ ప్రెషరు. మూసిన వాల్వుకు ఆవలివైపు పూర్తిగా ఖాళీయైనప్పుడు ఈవలివైపునుండి పడు ఒత్తిడి. నూరు మిల్లీమీటర్ల వ్యాసముగల సీటుపై ఐదు కేజీల ఒత్తిడి పడినచో, ప్లగ్గును నెట్టు బలము సుమారు 390 కిలోలు. నలువది కేజీలు పడినచో మూడు టన్నులకు పైమాట. ఈ బలమునకెదురుగా నిలిచి మూయవలసినది యాక్చుయేటరు, అనగా రబ్బరు డయాఫ్రమును, స్ప్రింగును గల ఆ పుట్టగొడుగు ఆకారపు డిప్ప. నిత్యపు ఒత్తిడి భేదమునే చూచి యాక్చుయేటరును ఎన్నుకొన్నచో, ఏదో ఒకనాడు ఆవలివైపు ఖాళీయైనప్పుడు అది వాల్వును మూయలేక చేతులెత్తును. ఆ దినము సాధారణముగా ప్రమాదపు దినమే యగును. గాలి విషయమునను ఇంతే. గొట్టములో ఆరేడు కేజీల గాలి ఎల్లప్పుడు ఉండునని కాక, కంప్రెసరు ఒకటి ఆగినవేళ ఎంతకు పడునో ఆ అంకెకు యాక్చుయేటరును కట్టవలెను.

గాలి బొత్తిగా పోయినచో వాల్వు ఏ స్థితిలో నిలువవలెనను ప్రశ్నకు పత్రములో రెండే అక్షరములు జవాబు. తెరచుకొనవలెనా, మూసుకొనవలెనా. కొలిమికి పోవు ఇంధనపు వాల్వు మూసుకొనవలెను. మరుగుచున్న పాత్రకు పోవు చల్లనినీటి వాల్వు తెరచుకొనవలెను. ఈ రెండక్షరములను ఇన్స్‌ట్రుమెంట్ ఇంజనీరు ఒంటరిగా వ్రాయుటకు అధికారి కాడు. ప్రాసెస్ తెలిసినవారితో కూర్చుండి, గాలి పోయిన క్షణమున కర్మాగారమంతయు ఏమగునో కన్నులు మూసికొని చూచిన తరువాతనే వ్రాయవలెను.

లోహముల భాగమును వడివడిగా దాటుదును. దేహము సాధారణముగా డబ్ల్యూసీబీ అను పోత ఉక్కు. 300 తరగతి ఫ్లాంజియని వ్రాసినంతమాత్రమున 300 అను అంకె ఒత్తిడి కాదు. ఆ తరగతి డబ్ల్యూసీబీ దేహము 38 డిగ్రీలవద్ద 51 బార్లు మోయును, 400 డిగ్రీలవద్ద 34.7 బార్లే మోయును. స్టెము చుట్టునుండు గ్లాండ్ ప్యాకింగు టెఫ్లానుదైనచో మెత్తగా జారును గాని వేడికి నిలువదు. గ్రాఫైటుదైనచో వేడికి నిలుచును గాని స్టెమును పట్టుకొని రాపిడి కలిగించును. హైడ్రోజన్ సల్ఫైడు గల చమురునకైనచో మరియొక చిక్కు. కోతకు నిలువవలెనని గట్టి ఉక్కును కోరుదుము; ఆ వాయువు గట్టి ఉక్కునే పగులగొట్టును; కావున నేస్ వారి ఎంఆర్0175 ప్రమాణము కార్బన్ ఉక్కుల కాఠిన్యమును రాక్‌వెల్ సి కొలతలో 22కు లోపల ఉంచుమనుచున్నది. మూసినప్పుడు కారుటకు తరగతులు ఆరు. నాలుగవ తరగతి వాల్వు తన శక్తిలో పదివేలవ వంతు కారవచ్చును. గంటకు 100 ఘనపు మీటర్ల వాల్వుకు అది గంటకు పది లీటర్లు, ఇంచుమించు ఒక బిందెడు. నియంత్రణకు ఇది చాలును. అంతకు బిగువైన తరగతిని ఊరక కోరుట ధనవ్యయమే. కాని ఆ బిందెడు పడుచోట ఏమున్నదో చూడకుండ వ్రాయుట అంతకంటె దోషము.

ఈ పత్రము వాల్వుకు మాత్రమే సంబంధించినదనుకొనుట ఎంత ప్రమాదమో స్కాట్లండులోని గ్రేంజ్‌మౌత్ చమురు శుద్ధి కర్మాగారము 1987 మార్చి 22 వేకువన చూపినది. అందు 155 బార్ల ఒత్తిడిగల పాత్రయొకటి, 9 బార్ల ఒత్తిడిగల పాత్ర మరియొకటి. మొదటిదాని అడుగుననుండి ద్రవమును రెండవదానికి వదలుటకు నడుమ కంట్రోల్ వాల్వు. పై పాత్రలో ద్రవపు మట్టము తగ్గినప్పుడు వాల్వును మూయవలసిన రక్షణ తీగెలు ఎన్నడో విడదీయబడియుండెను. వాల్వు తెరచుకొన్నది, ద్రవమంతయు దిగిపోయినది, దాని వెనుక 155 బార్ల వాయువు అదే దారిని దూకినది. క్రింది పాత్రకు సేఫ్టీ వాల్వు లేకపోలేదు. కాని దానిని అగ్నిప్రమాదము వచ్చినప్పటి ఆవిరికి సరిపోవునట్లు కట్టిరే గాని, పూర్తిగా తెరచిన కంట్రోల్ వాల్వుగుండ దూకు వాయువునకు కట్టలేదు. పాత్ర బ్రద్దలైనది, ఒక మనిషి ప్రాణము పోయినది. ఆ కంట్రోల్ వాల్వు పూర్తిగా తెరచినప్పుడు ఎంత వాయువును పోనిచ్చునను ప్రశ్నకు జవాబు, డేటాషీటులోని రేటెడ్ సీవీ అను ఒక్క గడియే. ఇందాక చెప్పిన ఉప్పుగుప్పెళ్ల సంగతి ఇక్కడ మరియొక రూపమున కనబడుచున్నది. ఎందుకైనను మంచిదని పెద్ద వాల్వును కొనుట, క్రింది పాత్రకు ఎంత కీడో ఎవ్వరును లెక్కింపరు. ద్రవమునకని కొన్న వాల్వుగుండ వాయువు పోయినచో ఎంత పోవునో కట్టి, ఆ అంకెను సేఫ్టీ వాల్వు కట్టువారి చేతికి ఇచ్చుటకూడ ఈ పత్రమును వ్రాయువాని బాధ్యతయే.

లిమిట్ స్విచ్ అను చిన్న గడికికూడ ఒక కథ కలదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రములో ఒత్తిడిని విడిచిపుచ్చు వాల్వొకటి తెరచుకొని, మరల మూసుకొనక నిలిచిపోయినది. కంట్రోల్ గదిలోని దీపము మాత్రము ఆరిపోయినది. ఆ దీపము వాల్వుకు పంపిన ఆజ్ఞను చూపునదే గాని, వాల్వు నిజస్థితిని చూపునది కాదు. ఆపరేటర్లు మూసినదని నమ్మిరి. గంటలకొలది నీరు బయటికి పోయి రియాక్టరు గర్భములో కొంతభాగము కరగినది. అది మనము చెప్పుకొనుచున్న జాతి వాల్వు కాదు గాని, పాఠము ఇక్కడికిని వర్తించును. స్టెమును కోరినచోట నిలుపు పొజిషనరుకు పోవు 4 నుండి 20 మిల్లియాంపియర్ల విద్యుత్తు వాల్వును ఎక్కడికి పొమ్మన్నామో చెప్పును. స్టెముకు తగిలించిన స్విచ్చో, ట్రాన్స్‌మిటరో అది ఎక్కడనున్నదో చెప్పును. మూసినదని నమ్మి మనుషులు చేతులు పెట్టు చోటులలో ఆ గడిని 'అక్కరలేదు' అని గీత గీయుట తగదు.

పత్రము తొలిసారి సంతకమైన దినముననే దాని ఆయువు తీరదు. కర్మాగారము నడచుచుండగా ఎవరో ఒకరు చిన్న ట్రిమ్ము వేయించుదురు, స్ప్రింగు మార్పించుదురు, ప్యాకింగు గ్రాఫైటుకు త్రిప్పుదురు. వాల్వు మారును, కాగితము పాతదే అల్మరలో నుండును. ఇది గుర్తించుటకు ఒక ఉపాయము మన పనివాండ్రకు బాగుగా తెలిసినదే. ప్రతి వాల్వు మెడకును చిన్న ఉక్కు పలక యొకటి బిగింపబడియుండును. దానిమీద ట్యాగు సంఖ్య, సీవీ, స్టెము నడచు దూరము, స్ప్రింగు పరిధి, దేహమునకును ట్రిమ్మునకును వాడిన లోహముల పేర్లు చెక్కియుండును. షట్‌డౌనులో వాల్వును దింపినప్పుడు, విప్పుటకు ముందుగా, ఆ పలకమీద ఏండ్లతరబడి పేరుకొన్న రంగును తొలగించి, ఒకడు పలకను చదువుచుండగా మరియొకడు పత్రమును చూచి ఒక్కొక్క గడికిని టిక్కు పెట్టుచుండును. రెండును కలియనిచోట ఎర్రసిరాతో సున్న చుట్టి, ఆ వాల్వును ఎత్తి లారీమీద పెట్టకమునుపే పత్రమును వ్రాసిన కార్యాలయమునకు కబురు పంపుదురు.